తుప్పు కొంచెమె: సటీకా తాత్పర్యము

అవతారిక

ఒకప్పుడు బెర్లిన్‌గా ఉండి, మొదటి ప్రపంచయుద్ధం నడుమ 1916లో పేరు మార్చుకున్న కెనడా ఊరు కిచెనర్‌లో, మంచు కరగీ కరగని మార్చి నెలలో, ఒకాయన తన 1998 పాంటియాక్ ఫైర్‌ఫ్లైని అమ్మకానికి పెట్టాడు. ఇంగ్లీషులో రాసింది నాలుగు ముక్కలే. చూడ్డానికి వచనం, లోపలంతా కవిత్వం. కనుక వ్యాఖ్యాత దాన్ని తేటగీతిలోకి దించుకున్నాడు.

మూలము

తే. నడుచు బండియె యిది నేడు నాటి వలెనె;
తుప్పు కొంచెమె పైపైన దోచు గాని,
ఉన్నదున్నట్లు కొనువార లుండిరేని
పలుకుఁ డిప్పుడె, బేరంబు వలదు నాకు.

ఫైర్‌ఫ్లై అనగా మిణుగురు. ఈ మిణుగురుకు నామాంతరాలు చాలా ఉన్నాయి. జియో మెట్రో, సుజుకి స్విఫ్ట్ అన్నా ఇదే, జపాన్‌లో దీని వంశం పేరు కల్టస్. సుజుకి, జనరల్ మోటార్స్ కలిసి 1989లో తెరిచిన ఇంగర్‌సాల్ ఫ్యాక్టరీ ఇక్కడికి 401 హైవే మీద గంట లోపు ప్రయాణం. ఇది అక్కడే పుట్టింది. మన దేశానికి 1990లో మారుతి 1000గా వచ్చింది కూడా కల్టస్ వంశమే. మా నాన్న మారుతి 800కి ఇది పెదనాన్న కొడుకు వరస. ఈ వ్యాఖ్యాత బుద్ధి ఎక్కడ చెడిందో పాఠకులు ఇక్కడే పట్టుకోవచ్చు.

ప్రతిపదార్థము

నడుచు బండియె = ఇంజను స్టార్టవుతుంది అని మాత్రమే. బ్రేకు పడుతుందా, గేరు జారుతుందా అన్నవి ఈ పదంలో ఇమడవు. మేం వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంది. చలికాలంలో పాత ఇంజను చల్లగా ఉన్నప్పుడే నిజం చెబుతుంది, వెచ్చబెట్టాక సాక్షి మాట మారుస్తాడు.

నాటి వలెనె = మూడు సిలిండర్ల ఇంజను గనుక నిలబడి ఉన్నా వణుకుతుంది. అది పుట్టుకతో వచ్చిన వణుకు, దోషం కాదు. కానీ ఆ వణుకులో ఒక కుంటి అడుగు వినిపించింది. తెనాలిలో షెడ్డు నడిపి వచ్చిన మా బావమరిది ప్లగ్గులు తీసి కంప్రెషన్ మీటరు పెట్టాడు. రెండు సిలిండర్లు సమానంగా ఉన్నాయి, మూడోది సగానికి పడిపోయింది. అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూశాడు. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగలేదు. "వాల్వు కాలింది బావా" అన్నాడు. ఈ ఇంజన్లకు ఎగ్జాస్ట్ వాల్వు కాలడం ఇంటి జబ్బు.

తుప్పు = ఉప్పుకు పుట్టిన బిడ్డ. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రోడ్లకు ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. గడ్డకట్టని ఆ ఉప్పునీరే బండి కిందకు చేరి, ఇనుముతో సంసారం పెడుతుంది. గడ్డకట్టించే చలిలో తుప్పు నిద్రపోతుంది, వెచ్చటి గరాజులో లేచి కూర్చుంటుంది. బండిని గరాజులోనే జాగ్రత్తగా ఉంచానని ఆయన గర్వంగా చెప్పింది అందుకే నాకు చేదుగా తగిలింది.

కొంచెమె = ఎంత అని అడగరాని కొలత.

పైపైన = కింద చూడవద్దని ధ్వని. చూశాం. అట్టపెట్టె విప్పి పరచుకుని, టార్చి పట్టుకుని కిందకు దూరాను. అడుగంతా కొత్త నల్లరంగు. పాతికేళ్లు దాటిన బండికి అడుగున కొత్తరంగు కనబడితే, పెళ్లిచూపులకు జుట్టుకు రంగేసుకు వచ్చిన తాతని చూసినట్టే. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింది పట్టీ మీద జరిపాను. జానెడు దూరం అంటుకుంది, ఆ తర్వాత చేతిలోకి రాలింది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. చివరికి లోయర్ ఆర్మ్ బిగించే చోట స్క్రూడ్రైవరు ఆనించాను. గుచ్చలేదు, ఆనించానంతే. బిస్కెట్టు విరిగిన చప్పుడుతో పిడి దాకా దిగింది. ముఖం మీద ఎర్రటి పొడి రాలింది. చక్రం ఆ ముక్కను నమ్ముకునే తిరుగుతోంది.

గాని = పద్యానికి ప్రాణం ఈ పదమే. కవి "గాని" అని ఆపి, తర్వాత చెప్పవలసింది కారు కింద దాచాడు.

ఉన్నదున్నట్లు = ఆంటారియో శాస్త్రంలో పారిభాషిక పదం. సేఫ్టీ సర్టిఫికెట్ ఇవ్వను, బండిని రోడ్డెక్కించడం నీ పని అని అర్థం. ఆ సర్టిఫికెట్ ఇచ్చాక 36 రోజులే చెల్లుతుంది. బండికి ఇంతకుముందు యజమానులెవరో, దాని మీద అప్పేమైనా ఉందో చెప్పే సర్కారు కాగితాల కట్ట అమ్మేవాడే ఇవ్వాలి. ఈయన ఇచ్చాడు, కాగితాల్లో మచ్చలేదు. చాసిస్ నంబరు 17 అక్షరాల మంత్రం. ఐ, ఓ, క్యూ అందులో నిషిద్ధాక్షరాలు, అంకెలుగా పొరబడతారని. మొదట 2 ఉంటే కెనడా పుట్టుక, పదో చోట డబ్ల్యూ ఉంటే 1998. రెండూ సరిపోయాయి. అబద్ధం లేనిది ఆ రేకు మీదే.

తాత్పర్యము

ఈ బండి నిన్ను ఎక్కడికైనా తీసుకెళ్తుందని కవి అనలేదు. నీ దగ్గరికి వచ్చి ఉంటుందన్నాడు.

విశేషాంశము

నాలుగో పాదంలో "వలదు" అన్న మాటపై వివాదం ఉంది. నేను కింద నుంచి లేచి, ఎర్రపొడి దులుపుకుంటూ, స్క్రూడ్రైవరు చూపించాను. ఏమీ అనలేదు. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మెల్లగా రెండు వందల డాలర్లు తగ్గిస్తానన్నాడు. మా బావమరిది చొక్కా వెనక నుంచి గుంజుతున్నాడు: "వద్దు బావా, వెల్డింగుకే బండి ఖరీదవుతుంది." నేను సీటులో కూర్చుని చూశాను. స్టీరింగు సన్నగా, మా నాన్న బండిదానిలాగే, చేతికి ఇట్టే అందింది. ఇంకో వంద, అన్నాను. సరేనన్నాడు.

కనుక "బేరంబు గలదు నాకు" అన్న పాఠాంతరమే గ్రాహ్యం. యతి చెడుతుంది. చెడనివ్వండి.