పెట్టె మీద పేరు, జేబులో తాళం

చల్లపల్లి సెంటర్లో ఓ పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలాడనుకోండి. క్షణంలో యాభై మంది వైద్యులు పుట్టుకొస్తారు. ఒకాయన చేతిలో తాళాలగుత్తి కుక్కుతాడు. ఇంకొకాయన సోడా కొట్టి మొహాన చల్లుతాడు. మూడో ఆయన "జరగండయ్యా, గాలాడనివ్వండి!" అని అరుస్తూ తనే మీదికి వంగుతాడు. మిగతావాళ్లు ఫోన్లెత్తి సినిమా తీస్తుంటారు. ఛాతీ మీద చెయ్యేసి నొక్కేవాడే ఉండడు. వేస్తే కేసవుతుందట!

ఆగిన గుండె మన చర్చ తేలేదాకా ఆగదు. ఛాతీ నొక్కే సీపీఆర్, గుండెకిచ్చే కరెంటు షాక్ రెండూ అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతుకు మీద ఆశ కరిగిపోతుంది. 2005 నుంచీ 108 ఉంది, నిజమే. కానీ కోతల రోజుల్లో వరి ట్రాక్టర్ల వెనక అది ఎంత కూత పెట్టినా నాలుగు నిమిషాల్లో నాగాయలంక చేరుతుందా?

డాక్టరే రానక్కర్లేదు. లాస్ వేగాస్ జూదశాలల్లో కాపలావాళ్లే ఏఈడీ అనే యంత్రం పెట్టెతో ఆగిన గుండెలకు షాకులిచ్చారు. కళ్లెదుట పడిపోయి, 3 నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలో 74 శాతం మంది బతికి ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లారని 2000లో లెక్క తేల్చారు. జేబు పోయినా ప్రాణం దక్కిందన్నమాట. మన పేకాట శిబిరాల్లో నేర్పేది గోడ దూకడం ఒక్కటే.

తర్వాత అమెరికా, కెనడాల్లో 993 చోట్ల మామూలు జనానికి శిక్షణ ఇచ్చి చూశారు. ఛాతీ నొక్కడం మాత్రమే నేర్చినచోట 15 మంది, పెట్టె కూడా ఇచ్చినచోట 30 మంది బతికారని 2004లో తేలింది. ఆ పెట్టె ఏం చెయ్యాలో అదే చెబుతుంది. పట్టీలు అంటించగానే గుండె లయ చూసుకుంటుంది. అక్కర్లేకపోతే ఎంత బతిమాలినా షాక్ ఇవ్వదు. అడక్కుండా షాకివ్వడానికి అదేమన్నా కరెంటు బిల్లా?

నేర్చుకునేవాళ్లు దొరకరంటారా? ఈ ఊళ్లోనే 2014 నవంబరు నుంచీ డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, పద్మావతి దంపతులతో కలిసి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లారకముందే చీపురు పట్టి రోడ్లెక్కుతున్నారు. పరాయివాళ్లు పారేసిన చెత్తనే ఎత్తినవాళ్లకి, పడిపోయిన మనిషి ఛాతీ నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం ఓ లెక్కా?

నా భయమల్లా పెట్టె వచ్చాక జరిగే వైభవం గురించే. రిబ్బన్ కట్టింగ్, శాలువాలు, గ్రూప్ ఫొటో. ఆనక భద్రంగా బీరువాలో పెట్టి తాళం. ఆ చెవి అధ్యక్షుడి దగ్గర. అధ్యక్షుడు బెజవాడ పెళ్లిలో. ఈలోగా పట్టీలకు గడువు తీరుతుంది, బ్యాటరీ తనే కన్నుమూస్తుంది.

కాబట్టి మోపిదేవి తిరనాళ్లకు నిలువెత్తు ఫ్లెక్సీలు వేయించే దాతలకో మనవి. ఈసారి ఆ డబ్బుతో పెట్టె కొనండి, పదిమందికి నేర్పించండి. మీ పేరు ఎంత పెద్ద అక్షరాల్లోనైనా రాయించుకోండి. తాళం మాత్రం వెయ్యకండి.