ఫ్రాంక్‌ఫర్ట్‌కు కాటారం మీదుగా

భూపాలపల్లి రోడ్డు, మంథని రోడ్డు, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయే రోడ్డు వచ్చి కలిసే కాటారం వంటి కూడలి ఊళ్ళలో, ఎక్కడికీ కదలకుండానే అన్ని దారులూ తెలిసిన పెద్దమనిషి ఒకరు తప్పక తయారవుతారు; ఆయనకు జీతమూ పదవీ ఉండవు గాని, చౌరస్తా హోటల్ బెంచీలో ఒక కొస పట్టా లేకుండానే ఆయన పేరున నడుస్తుంది.

ఆయన విద్య అంతా ‘మారుడు’ మీద, అనగా ఒక బండి దిగి మరొకటి ఎక్కడం మీద నిలిచినది. గోదావరిపై వంతెన లేని కాలంలో సిరొంచకు పడవ మారి పోయేవారికి దారి చెప్పిన నోటికి, ఊరి పిల్లలు ఎం.ఎస్. చదువుకు జర్మనీ బయలుదేరడం పెద్ద విశేషంగా తోచలేదు. శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా విమానం 2024 జనవరి నుంచి నేరుగా పోతున్నదని విన్నప్పుడు మాత్రం ఆయన కొంత నొచ్చుకుని, దుబాయిలోనో దోహాలోనో మారితేనే ప్రయాణం తెలుస్తుందని తేల్చాడు.

సుమారు 7,000 కిలోమీటర్ల ఆకాశయానాన్ని ఒక్క వాక్యంలో ముగించే ఈ పండితుడు, కాటారం నుంచి శంషాబాద్ చేరడానికి రెండు చాయల కాలం తీసుకుంటాడు. 2016 అక్టోబర్ 11న భూపాలపల్లి జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు కరీంనగర్ జిల్లాలోనిది కనుక, మంథని, పెద్దపల్లి మీదుగా కరీంనగర్ పోయే దారి ఆయనకు ‘మన దారి’; పరకాల, హనుమకొండల మీదుగా పోయేది ‘కొత్త జిల్లా దారి’. ఈ పట్టింపు హాస్యాస్పదమే అయినా, ఇసుక లారీల వెనుక చిక్కిన బస్సును ఎరిగినవారు ఆయనను తప్పుపట్టరు. పైగా, విమానం అర్ధరాత్రి దాటాక లేస్తుంది గనుక టికెట్ మీద 12వ తేదీ ఉంటే 11వ తేదీ పొద్దున్నే ఇల్లు కదలాలని మొదట హెచ్చరించేది ఆయనే.

సామాను తూకమూ ఆయన శాఖే. పెట్టెను పత్తి కాంటా కొక్కేనికి వేలాడదీయించి, విమానంవారు 23 కిలోలు ఒప్పుకుంటే, సేట్లు తూకంలో కోసుకునే ‘తరుగు’ వారికీ ఉంటుందన్న అనుమానంతో, కిలో మామిడి తొక్కు బయటికి తీయిస్తాడు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకున్న హాన్ విమానాశ్రయం ఆ నగరానికి 100 కిలోమీటర్లకు పైగా దూరమని విని ఆయన ఆశ్చర్యపోలేదు. కాళేశ్వరం ప్రాజెక్టు బ్యారేజి మేడిగడ్డ దగ్గర లేదా అన్నాడు.

ఆయనను కదిలించిన సంగతి ఒక్కటే: ఐసీఈ అనే జర్మనీ వేగరైలులో టికెట్టు ప్రయాణానికే తప్ప సీటుకు కాదని, సీటుకు వేరుగా రిజర్వేషన్ చేయించుకోవాలని తెలియడం. అట్లయితే దస్తీ వేయాలె, అనగా కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు పట్టాలె, అని ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రైలు కిటికీలు తెరుచుకోవని పిల్లవాడు చెప్పగా, చాయ గ్లాసు కింద పెట్టి చాలాసేపు ఆలోచించి, “మరి డ్రైవర్ దిక్కు తలుపు తీస్తరా బిడ్డా?” అని అడిగాడు.