ఖాళీ డీవీడీకి టీకా తాత్పర్యము

మూలము
డీవీడీ-ఆర్. 4.7 జీబీ. 120 నిమిషాలు. 16ఎక్స్.

అవతారిక
గ్రంథకర్త బిళ్ళపై నాలుగు మాటలు ముద్రించి మిన్నకుండెను. కర్త లేడు, క్రియ లేదు. కొన్నవారికి సందేహములు మాత్రము మెండు. వాటిని తీర్చుటకే ఈ టీక.

ప్రతిపదార్థము
డీవీడీ-ఆర్ = ఒక్కమారు వ్రాసిన పిమ్మట చెరపరాని బిళ్ళ; 4.7 జీబీ = నాలుగువందల డెబ్బది కోట్ల బైట్లు; 120 నిమిషాలు = నడితరపు స్పష్టతతో రెండు గంటల వీడియో; 16ఎక్స్ = డీవీడీ మూలవేగమునకు పదహారు రెట్లు, అదియు వెలుపలి అంచు చేరిన తరువాతనే; (కలదని అమ్మువాడు చెప్పును అని అధ్యాహారము.)

ఆక్షేపము
కంప్యూటరులో పెట్టిన 4.38 అని చూపుచున్నదే! తక్కిన మూడువందల చిల్లర ఎంబీ ఎవరి పాలాయెను?

సమాధానము
ఎవరి పాలును కాలేదు. బిళ్ళ చేయువారు మెట్టుమెట్టుకు వేయితో లెక్కించు వేయింటి మతస్థులు. విండోస్ 1024 మతస్థురాలు. కుంచముతో కొలిచినను మానికతో కొలిచినను ధాన్యమొక్కటే.

పునరాక్షేపము
అట్లయిన 700 ఎంబీ సీడీ 703 చూపుటెట్లు?

సమాధానము
సీడీవారును 1024 మతస్థులే. 80 నిమిషములు, సెకనుకు 75 సెక్టార్లు, సెక్టారుకు 2048 బైట్లు: వెరసి 73,72,80,000 బైట్లు. వేయింటి లెక్కన 737 అని వేసికొనదగినచోట 700 అని ఊరకుండిరి. వర్తకుడు తన సరకును తగ్గించి చెప్పుట వాణిజ్య వాఙ్మయమున అరుదు. తరువాతి బిళ్ళకు ఆ పొరపాటు జరుగలేదు.

పాఠాంతరము
కొన్ని ప్రతులలో 8.5 జీబీ అని కలదు. అది రెండు పొరల బిళ్ళ. రెట్టింపైన 9.4 కావలదా యన్నచో, ఒక పొర గుండా రెండవదానిని చదువవలసినందున తడబాటు లేకుండుటకై గుర్తులను కొంచెము పొడిగించిరి. ఆ పొడుగే లోటు.

విశేషములు
1. సీడీ, డీవీడీ, బ్లూ-రే మూడింటికిని వ్యాసము 120 మిల్లీమీటర్లే. ఒక్క పొరలో మొదటిది 700 ఎంబీ, రెండవది 4.7 జీబీ, మూడవది 25 జీబీ పట్టును. కిరణపు తరంగము 780 నానోమీటర్ల నుండి 650కి, అటుపై 405కి కురచయాయెను, కటకము పదునెక్కెను, వరుసల నడిమి ఎడము 1.6 మైక్రాన్ల నుండి 0.74కును, 0.32కును దిగెను. గుర్తులు చిన్నవైన కొలది ఎక్కువ ఇమిడెను.

2. రెండున్నర గంటల తెలుగు సినిమాకు 80 నిమిషముల వీసీడీ చాలదు; రెండవ బిళ్ళకై ప్రేక్షకుడు లేవక తప్పలేదు. డీవీడీ కాలమున ఒకే బిళ్ళపై మూడు నాలుగు సినిమాలు అమ్మిరి. అది బిళ్ళ మహిమ కాదు, బొమ్మను నలిపిన వాని మహిమ. మూలమందలి 120 నిమిషములు శాసనము కాదనుటకు ఇదే ప్రమాణము.

తాత్పర్యము
బిళ్ళ పెరుగలేదు, కిరణము సన్నబడెను. బైట్లు తరుగలేదు, లెక్క మారెను. కావున 4.5 జీబీ ఫైలును ఈ బిళ్ళపై ఎక్కింపదలచువాడు ఆ 4.5 ఏ మతము చెప్పినదో ముందు విచారింపవలెను. వేయింటి మతమైన పట్టును. విండోస్ చెప్పినదైన పట్టదు.