హెడ్డు దించిన పెద్దమనిషి

కారు ఇంజనులో సిలిండర్ల పైన మూతగా బిగించి ఉండే అల్యూమినియం దిమ్మెను సిలిండర్ హెడ్ అనీ, దానిని విప్పి బయటికి తీయడాన్ని హెడ్డు దించడం అనీ మెకానిక్కులు వ్యవహరిస్తారు. ఈ పనిని పొట్టకూటి కోసం చేసేవారి గురించి ఇక్కడ చెప్పవలసిందేమీ లేదు. వారు దించుతారు, ఎక్కిస్తారు, డబ్బు తీసుకొని మరో బండి మీదికి పోతారు. పరిశీలనకు అర్హుడైన వ్యక్తి వేరే ఉన్నాడు. ఇతడు బ్యాంకులోనో విద్యుత్ శాఖలోనో బాధ్యత గల ఉద్యోగం చేసి పదవీ విరమణకు దగ్గరపడినవాడు, జీతం కోసం పానా పట్టవలసిన అవసరం ఏనాడూ లేనివాడు, ఒక ఆదివారం తన కారు హెడ్డును తానే దించి, మరుసటి ఆదివారం తానే ఎక్కించి, ఆ తరువాత వచ్చే ప్రతి ఆదివారాన్నీ ఇంజనులో కొత్తగా పుట్టిన టకటక శబ్దానికి కారణం వెతకడంలో గడిపేవాడు.

హైదరాబాదు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కనిపించే ఈ జాతికి అత్యంత ప్రీతిపాత్రమైన వాహనం మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయిన ఈ కారులో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను ఉంటుంది. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కనిపిస్తుంది, చేయి దూరుతుంది, నేల కూడా కనిపిస్తుంది. కనిపించినదంతా చేతనవుతుందన్న భ్రమ అక్కడే మొదలవుతుంది. హెడ్డుకూ దాని కింది బ్లాకుకూ మధ్య ఉండే పలుచని రేకు వంటి పొర హెడ్ గాస్కెట్. సిలిండరులోని మంటనూ, ఇంజను ఆయిలునూ, చల్లబరిచే నీటినీ ఒకదానితో ఒకటి కలవనీయకుండా చూడడం దాని ధర్మం. రేడియేటరులో నీళ్లు తగ్గిన సంగతి గమనించకుండా ఎండలో బండి నడిపితే ఇంజను వేడెక్కి, హెడ్డు వంకరపోయి, గాస్కెట్ కాలిపోతుంది. మెకానిక్కు చెప్పిన ఖర్చు విన్న తరువాత పెద్దమనిషి రెండు రాత్రులు వీడియోలు చూసి, అందులో సగం పోర్చుగీసులో ఉన్నా చేతులు మాత్రం అర్థమయ్యాయని ప్రకటించి, పనికి ఉపక్రమిస్తాడు.

దించడంలో ఇతని శ్రద్ధను తక్కువ చేసి చెప్పడం అన్యాయం. విప్పిన ప్రతి నట్టూ ఒక స్టీలు గిన్నెలోకి, ప్రతి గిన్నె మీదికి ఒక చీటీ, ఆ చీటీల మీద ఆఫీసు ఫైళ్లకు వేసినట్టు వరుస సంఖ్యలూ వెలుస్తాయి. ఆ గిన్నెలు మళ్లీ వంటింట్లోకి రావడానికి వీల్లేదని ఇల్లాలు అదే రోజు తీర్మానిస్తుంది. తేడా వచ్చేది ఎక్కించడంలో. హెడ్డు బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపుకు, ఒక్కసారిగా కాక రెండు మూడు దఫాలుగా, ఎంత బలం పడుతున్నదో కొలిచి చూపే టార్క్ రెంచి అనే పానాతో బిగించాలి. వంగిన హెడ్డును ముందుగా ఫేసింగుకు, అంటే అడుగుభాగాన్ని మిషను మీద సమతలంగా చెక్కించడానికి, పంపాలి. పెద్దమనిషి ఇనుప స్కేలు ఆనించి, ఒక కన్ను మూసి, వంకర లేదని తేల్చాడు. టార్క్ రెంచి ధర అడిగి, ముప్పై ఏళ్లుగా గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు బిగిస్తున్న చేతికి బలం ఎంతో తెలియదా అని దుకాణదారుణ్నే ఎదురు ప్రశ్నించాడు.

ఏదైతేనేం, బండి స్టార్టయింది, నీళ్లు కారలేదు. ఈ జాతి చరిత్రలో ఇది సామాన్య విజయం కాదని ఒప్పుకోవలసిందే. అయితే ఆ ఆనందం అర నిమిషం నిలిచేలోపే, ఇంజను పైభాగం నుంచి సన్నగా, తెంపు లేకుండా టకటక వినిపించింది.

ఇక్కడి నుంచి ఇతని అసలు స్వరూపం బయటపడుతుంది. శబ్దానికి కారణం వెతికే క్రమాన్ని పరిశీలిస్తే ఒక నియమం స్పష్టమవుతుంది: తన చేయి పడిన చోటికి ఏ కారణం ఎంత దూరంగా ఉంటే అది అంత బలమైనది. అందువల్ల మొదటి ముద్దాయి పెట్రోలు. ఇప్పుడు అందులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు గనుక పాత ఇంజన్లు మొరాయించక ఏం చేస్తాయని ఇతడు లిఫ్టులో కలిసిన వారందరికీ వివరిస్తాడు. రెండవ ముద్దాయి ఆయిలు; దాన్ని మార్చి ఇంకా చిక్కనిది పోస్తాడు. మూడవది ఇంజనును కారుకు పట్టి ఉంచే రబ్బరు మౌంటింగు. తాను విప్పి బిగించిన నట్లూ బోల్టులూ ఈ జాబితాలోకి రావు. వాటికి వరుస సంఖ్యలు ఉన్నాయి కదా!

విచిత్రమేమిటంటే ఇతని విద్య బూటకం కాదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని వినే పద్ధతి మెకానిక్కులు నిజంగా వాడేదే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాల చుట్టను రోగి ఛాతీకి ఆనించి స్టెతస్కోపుకు నాంది పలికినదీ ఈ సూత్రం మీదే. శబ్దం నిమిషానికి ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కించడం కూడా ఇతనికి తెలుసు. వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టు, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. బండి నిలబడి ఉండి ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క వాల్వు 450 సార్లు తెరుచుకుంటుంది. వినవచ్చే టకటక ఈ లెక్కకు సరిపోతే కారణం పైభాగంలోనే ఉందన్నమాట. పెద్దమనిషి చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు, సరిపోయింది, డైరీలో రాసుకున్నాడు కూడా. రాసుకున్న తరువాత ఆ పేజీ తిప్పేశాడు.

పైభాగమే అయితే టాపెట్లు కావచ్చునని చివరకు ఒక మెట్టు దిగివచ్చాడు. వాల్వు కొనకూ దానిని నొక్కే రాకర్‌కూ మధ్య, వేడికి లోహం సాగినా ఇబ్బంది లేకుండా, మిల్లీమీటరులో ఆరేడోవంతు ఖాళీ వదులుతారు. దీనిని సరిచేయడమే టాపెట్లు పెట్టడం. ఖాళీ ఎక్కువైతే టకటకమంటుంది, తక్కువైతే నిశ్శబ్దంగా ఉంటుంది. ఈ రెండో మాట దగ్గరే ఎందరో పెద్దమనుషులు మోసపోయారు. ఖాళీ బొత్తిగా లేకపోతే వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోదు, మండే వాయువు ఆ సందులోంచి దూసుకుపోయి వాల్వు అంచు కాలిపోతుంది, బండి లాగడం మానేస్తుంది. కనుక చప్పుడు చేసే టాపెట్టే చప్పుడు లేని టాపెట్టు కంటే క్షేమం. ఇతడు ఫీలర్ గేజి అనే పలుచని కొలత రేకును కొన్ననాడే పక్కన పెట్టి, చెవితో వింటూ ఒక్కొక్క స్క్రూనూ బిగించుకుంటూ పోయాడు. శబ్దం తగ్గలేదు సరికదా, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఆటోలు దాటిపోవడం మొదలైంది.

ఆ తరువాత చేసిన పరీక్ష ఇతని బుద్ధికి పరాకాష్ఠ. ఇంజను నడుస్తుండగా స్పార్క్ ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తే ఆ సిలిండరులో మంట ఆగుతుంది. అప్పుడు శబ్దం తగ్గకపోతే టాపెట్టును అనుమానించాలి, తగ్గితే ఆ మంట ఒత్తిడి పడే మరో భాగాన్ని. వేల వోల్టులు పారే ఆ వైరును పట్టుకొనే గౌరవాన్ని పెద్దమనిషి వాచ్‌మన్‌కు ఇవ్వబోగా, అతడు మోటారు కట్టేయాలంటూ మేడమీదికి పోయాడు. చివరకు ఇల్లాలి వంటింటి చేతిగుడ్డ చుట్టి తానే లాగాడు. ఒకటో సిలిండరు వైరు తీయగానే టకటక సగానికి తగ్గింది. ఇలా తగ్గడానికి రెండు కారణాలు ప్రసిద్ధం. ఒకటి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డు హెడ్డుకు కలిసే చోట నట్టు వదులై, గాలి చిటచిటమంటూ కక్కడం. హెడ్డు దించినవారు విప్పి బిగించవలసిన నట్లలో అవీ ఉంటాయి. రెండు, అడుగున కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగిపోవడం. దానికి ఇంజను మొత్తం దించాలి. మొదటిది పానాకు ఒక తిప్పు, రెండవది వేల రూపాయలు. పెద్దమనిషి తేలికపడిన మనసుతో రెండవదానిని నిర్ధారించాడు. బేరింగు కంపెనీ వేసినది, దాన్ని తాను ముట్టుకోలేదు. బేరింగు శబ్దం దిమ్ముగా ఉంటుందనీ, వేడెక్కేకొద్దీ పెరుగుతుందనీ, తన బండిలోది సన్ననిదనీ, పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఎక్కువనీ అదే డైరీలో మూడు చోట్ల రాసి ఉంది.

పాత కారు అమ్మేయవచ్చు కదా బావగారూ అని బావమరిది అన్న మాట కంటే, ఇంజను దించడానికి సెల్లారులో కప్పీ ఎక్కడ కట్టాలని ఇతడు కొలతలు తీస్తుండగా చూసిన అసోసియేషన్ కార్యదర్శి మాటకే ఫలితం దక్కింది. బండి షెడ్డుకు చేరింది. మెకానిక్కు బానెట్ ఎత్తి, చెవి కూడా ఆనించకుండా అడిగాడు.

“హెడ్డు ఎవరు దించారు సార్?”

“ఊళ్లో మావాళ్లకు తెలిసిన మెకానిక్కు.”

మానిఫోల్డు అంచున నల్లగా పట్టిన మసిని మెకానిక్కు వేలితో తుడిచి చూపించాడు. అక్కడి నట్టు చేతితోనే తిరిగింది. టాపెట్ల మూత విప్పి చూసి కాసేపు మాట్లాడలేదు.

“మళ్లీ ఆయన దగ్గరికి పోకండి సార్.”

“అబ్బే, మంచివాడేనయ్యా,” అన్నాడు పెద్దమనిషి, కొంచెం నొచ్చుకొని. “కొత్తగా నేర్చుకుంటున్నాడు పాపం. గిన్నెలకు చీటీలు కూడా పెట్టాడు.”

మానిఫోల్డుకు కొత్త గాస్కెట్ వేసి, టాపెట్లు గేజితో పెట్టి, హెడ్డు బోల్టులు వరుసగా టార్క్ రెంచితో సరిచూసి మెకానిక్కు బండి అప్పగించాడు. 500 కిలోమీటర్లు తిరిగాక టాపెట్లు మరోసారి చూపించమన్నాడు. ఉద్యోగానికి మెట్రోలో వెళ్లే పెద్దమనిషికి ఆ దూరం మామూలుగా తిరగాలంటే సంక్రాంతి దాటుతుంది. అందుచేత 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద వరుసగా మూడు చుట్లు తిరిగితే 474 పూర్తవుతాయనీ, మిగిలిన 26 బావమరిది ఇంటికి పోయి వస్తే సరిపోతాయనీ డైరీలో లెక్క వేసుకొని, ఆదివారం తెల్లవారుజామున కొత్త ఫీలర్ గేజి జేబులో పెట్టుకొని ఒంటరిగా బయలుదేరాడు.