నీలిమందు బాకీ

ఒకప్పుడు కడప జిల్లా అంటే నీలిమందు. కడప, కర్నూలు, నెల్లూరు రైతులు పండించిన నీలిచెట్టును తొట్లలో నానబెట్టి, చిలికి, బిళ్లలు కట్టి మద్రాసు రేవుకు పంపితే, అది ఓడలెక్కి ఇంగ్లండు చేరేది. 1897లో జర్మనీ కంపెనీ ఒకటి రసాయనాలతో చేసిన నీలిని సంతలో పెట్టేదాకా ఆ బేరానికి ఢోకా లేకపోయింది. ఆ జిల్లాలోనే పుట్టిన నేను ఇప్పుడు లెస్టర్‌లో కాపురముంటూ, రెండు లీటర్ల నీలంరంగు నీళ్లను పద్నాలుగు పౌండ్లు పోసి కొనుక్కుంటున్నాను. బట్టకు అద్దడానికి కాదు. కారవాన్‌లో ఉన్న మరుగుదొడ్డి డబ్బాలో పోయడానికి. ఎవరి బాకీ ఎవరి ఖాతాలో రాసుకుంటున్నారో తేల్చమని అడగడానికి ఏ కార్యాలయమూ కనబడక, మీకు విన్నవించుకుంటున్నాను.

ఈ కారవాన్ నా కోరిక కాదని ముందే చెప్పాలి. 1997 తర్వాత లైసెన్సు తీసుకున్నవాడు కారు వెనక ఇంత బరువు తగిలించుకుని లాగాలంటే ఈ దేశంలో ఇంకో పరీక్ష పాసవ్వాల్సి ఉండేది. ఆ నిబంధన నాకు శ్రీరామరక్ష. దాన్ని 2021 డిసెంబరులో ఎత్తేశారు. మూడున్నర టన్నుల దాకా ఎవరైనా లాగొచ్చన్నారు. వారం తిరక్కుండా మా బావమరిది ఫోను. "బావా, ఇంక నీకు అడ్డేముంది?" అన్నాడు. అడ్డులేదని తెలిసిన మనిషికి ఇంట్లో ఎంత విలువుంటుందో పెళ్లయినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వేసవిలోగా పదమూడేళ్ల పాత కారవాన్ ఒకటి మా ఇంటి ముందు, పక్కింటివాళ్ల కిటికీకి వెలుతురు రానివ్వకుండా, కొలువుదీరింది.

అమ్మినాయన పరుపులు చూపించాడు, పొయ్యి చూపించాడు, అరచేతంత ఫ్రిజ్జు చూపించాడు, మడత బల్లను మూడుసార్లు మడిచి విప్పాడు. అంతా అయి డబ్బు చేతులు మారాక, బండి పక్కన తపాలా పెట్టెంత తలుపు ఒకటి తెరిచి, "ఇక్కణ్నుంచి క్యాసెట్ బయటికి లాగాలి" అన్నాడు. క్యాసెట్ అనగానే నాకు ఘంటసాల గుర్తొచ్చాడు. ఆ పొరపాటు ఆ వారాంతంలోనే తీరింది.

విహారానికి కారవాన్ వేసుకుని తిరిగిన తొలి పెద్దమనిషిగా గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు పేరు చెబుతారు ఇక్కడ. 1885లో బ్రిస్టల్‌లో బండి చేయించుకుని, గుర్రాలు కట్టి, ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా వెళ్లాడట. తోలడానికొక మనిషి, ముందు మూడుచక్రాల సైకిలు తొక్కుతూ దారి చేయడానికొక సేవకుడు. మా బండికి తోలేది నేను, దారి చేసేది నేను, పక్క తలుపు తెరిచేదీ నేనే.

యంత్రం సంగతి చెప్పకపోతే నా కష్టం మీకు ఆనదు. పైన గిన్నె ఉంటుంది. కింద రేకు లాంటి మూత పక్కకు జరుగుతుంది. దానికింద పద్దెనిమిది లీటర్ల ప్లాస్టిక్ పెట్టె, అదే క్యాసెట్. అది నిండితే గోడమీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. ఖాళీ క్యాసెట్‌లో రెండు మూడు లీటర్ల నీళ్లు, వాటిలో నూట యాభై మిల్లీలీటర్ల నీలిమందు పోసి ఉంచాలి. ఆ మందు మూడు పనులు చేస్తుందని సీసామీద రాసుంటుంది. ఒకటి, వాసన రానివ్వదు. రెండు, కాగితాన్ని కరిగిస్తుంది. మూడు, నాలుగైదు రోజులు ఆ పని మానదు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు లీటర్ల సీసా పదమూడు మోతాదులు. మోతాదుకు పౌను పైచిల్లర. నాలుగు రోజులకొక మోతాదైతే అది పెద్ద ఖర్చేం కాదు, తెల్లవాళ్లు గొణక్కుండా కట్టేస్తున్నారు. ఎందుకంటే వాళ్లు కాగితం మనుషులు. మేం నీళ్ల మనుషులం. మా ఇంటి నలుగురికీ చెంబు లేనిదే శుచి లేదు. చెంబు ఒక లీటరు, పైనుంచి ఫ్లష్ అరలీటరు, అసలు సరుకు సంగతి వదిలేద్దాం. మనిషికి మూడుసార్లు వేసుకోండి. తెల్లారి నిద్ర లేచి మొదలుపెడితే రాత్రి పడుకోబోయే వేళకు ఎర్రదీపం. పక్క బండి దంపతులు అయిదో రోజు తీరుబడిగా మోసుకెళ్లే పెట్టెను నేను ప్రతి రాత్రీ మోస్తున్నాను. మోసిన ప్రతిసారీ కొత్త నీళ్లు, కొత్త మందు, కొత్త పౌను.

మరి నేను డబ్బిచ్చి కొంటున్నది ఏమిటి? మా ఇంట్లో ఎవరూ వాడని కాగితాన్ని కరిగించే గుణం. మా పెట్టె చూడబోని నాలుగైదు రోజుల హామీ. మూడు పనుల్లో రెండు నాకు పనికిరానివి. భోజనం హోటల్లో ఫుల్ మీల్స్ డబ్బు కట్టించుకుని మజ్జిగ మాత్రం పోసి పంపిస్తే ఊరుకుంటామా? ఈ మాట దుకాణంలో అమ్మాయితో అనబోయాను. మా ఆవిడ చెయ్యి నొక్కింది.

"సైటులో మంచి స్నానాల గదులూ దొడ్లూ ఉంటాయి కదా, అక్కడికి పోవచ్చుగా?" అని మీరు అడుగుతారు. ఉంటాయి, అద్దె ఎక్కువున్న సైట్లలో. పొదుపరినైన నేను వెళ్లేవి అయిదు బండ్లకు మించి నిలవనివ్వని చిన్నచిన్న రైతుల పొలాలు. అక్కడ ఉండేవి రెండే: మంచినీళ్ల కుళాయి ఒకటి, క్యాసెట్ వంచుకునే గుంట ఒకటి. ఆ గుంట సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. గేటు మీద బోర్డుంటుంది, ఆకుపచ్చ మందు మాత్రమే అని. ఆకుపచ్చది నీలం కన్నా రెండు పౌన్లు ఎక్కువ. అద్దెలో మిగిలింది అలా మందులో పోతుంది. చవకగా బతకడానికి ఎంత ఖర్చవుతుందో ఆ పొలంలో నిలబడితే తెలుస్తుంది.

ఆ బోర్డులో న్యాయం లేకపోలేదు. చాలా కాలంగా నీలం మందుల్లో పనిచేసే సరుకు ఫార్మాల్డిహైడ్. అదేమిటంటారా, మన కాలేజీ బయాలజీ ల్యాబులో బల్లమీద సీసాల్లో కప్పనూ పామునూ తేలేసి ఉంచేవారే, ఆ ఫార్మలిన్ దానితో చేసిందే. 2018లో ఆంధ్ర నుంచి వెళ్లిన చేపల్లో ఇదే ఉందని అస్సాం ప్రభుత్వం కొన్నాళ్లు మన చేపను గడప తొక్కనివ్వలేదు. క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో 2004 నుంచీ దీని పేరుంది. పెట్టెలో పడ్డ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది కాబట్టి కుళ్లదు, గ్యాసు పుట్టదు, కంపు రాదు. అదే నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి పోతే అక్కడ మురికిని తిని బతికే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. రైతు ట్యాంకు చచ్చిపోతుంది. అందుకే ఆ సరుకు లేని ఆకుపచ్చ. అన్ని నీలాలూ ఇప్పుడు ఒకటి కాదు, ఫార్మాల్డిహైడ్ లేని నీలాలూ వచ్చాయి. సీసా వెనక అక్షరాలు చదవాలి. ఆ అక్షరాలు చదవడానికి నాకు కళ్లజోడు, మా ఆవిడ కళ్లజోడు, రెండూ కావాలి. రంగు మాత్రం ఉత్త రంగే. నీలానికి వాసన చంపే మహిమేమీ లేదు. చూసేవాడి కళ్లకు గంతలు, అంతే.

గులాబీ రంగుదని ఇంకోటి ఉంది. అది పై నీళ్లలో కలిపేది, గిన్నె నిగనిగలాడుతుందట, లావెండర్ వాసనట. మొదటి సీసా అయిపోయాక దాన్ని నేను కొనలేదు. ఇంట్లో ఇంతవరకూ ఎవరూ గమనించలేదు. ఈ వ్యాసం మా ఆవిడ చదవకపోతే బాగుండు.

ఇక చవక మార్గాల అన్వేషణ. బ్లీచింగ్ వాడదామంటే అది రబ్బరు సీళ్లను తినేస్తుంది. అంతకన్నా ముఖ్యం, మూత్రంలో పుట్టే అమ్మోనియాతో కలిసి విషవాయువు పుట్టిస్తుంది. బీరువా అంత గదిలో, తలుపు గడియ పెట్టుకుని, ఆ స్థితిలో పోవడం పేపర్లో వార్తగా కూడా బాగుండదు. మా ఊళ్లో అన్నిటికీ మందైన నల్ల ఫినాయిలు సంగతి ఎత్తితే బావమరిది, "బావా, ఆ కంపు పోగొట్టడానికి మళ్లీ నీలిమందు కొనాలి" అన్నాడు. వాడి నోట నిజం రావడం అరుదు గనక నమ్మాను.

ప్రొద్దుటూరులో ఉన్న మా అమ్మకు ఫోనులో గోడు వెళ్లబోసుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నా. పోలేదు. "ఏందిరా నాయనా, మనిషన్నాక యాడన్నా పోయి వదిలేసి వస్తాడు గానీ, దాన్ని బండిలో పెట్టుకోని ఊర్లు తిప్పేదేంది? దానికి మళ్లీ మందు కొనేదేంది? పిడికెడు బూడిద ఎయ్యి" అంది. నవ్వుకున్నాను గానీ, అమ్మ మాటకు ఇంగ్లండులోనే సాక్ష్యం దొరికింది. డార్సెట్‌లో హెన్రీ మౌల్ అనే పాదిరీ 1860లో, నీళ్లొద్దు, మందులొద్దు, పొడిమట్టి చాలని, గిన్నె వెనక మట్టి రాలే దొడ్డిని తయారుచేసి పేటెంటు కూడా తీసుకున్నాడు. బ్రిటిషువాళ్లు మన దేశంలో కూడా వాటిని పెట్టించారు. కాకపోతే మట్టికి నీళ్లు పడవు. మళ్లీ చెంబు దగ్గరే ఆగిపోయింది వ్యవహారం.

చివరికి దొరికింది బట్టలుతికే ద్రవం. కారవాన్ జనంలో చాలామంది గుట్టుగా వాడేది ఇదే. అందులోనూ 'బయో' అని రాసున్నదే కావాలి. దాంట్లో ఎంజైములుంటాయి. చొక్కామీద పడ్డ పప్పూ నెయ్యీ అన్నం మరకల్ని తినేవి అవే. చొక్కామీద తిన్నవి క్యాసెట్‌లో తినవా? పాలు పెరుగు కొనే దుకాణంలోనే సీసా మూడు పౌన్లు. నాకు కొత్త బలం వచ్చింది. ఆ బలంలో నీలిమందుకు చెప్పిన కొలతే, నూట యాభై, నిండుగా పోశాను. వేల్స్ కొండదారుల్లో మూడు గంటలు బండి లాగాను. మలుపు, గతుకు, మలుపు.

ఆ రాత్రి గుంట దగ్గర నా వెనక ఇద్దరు నిలబడ్డారు. ఈ గుంటల్ని ఇక్కడ పాతతరం వాళ్లు ఎల్సాన్ అంటారు. 1920లలో రసాయనాల దొడ్లు చేసి అమ్మిన జాక్సన్ అనే ఆయన పేరు పొడి అక్షరాలకు 'సాన్' తగిలిస్తే పుట్టిన పేరది. యుద్ధంలో లాంకాస్టర్ బాంబర్ విమానాల తోకవైపు కూడా అదే ఉండేది. నేను మూత తిప్పాను. నురగ వచ్చింది. వస్తూనే ఉంది. గుంట నిండింది, అంచు దాటింది, నా చెప్పుల మీదికి వచ్చింది. బొద్దుగా, తెల్లగా, తాజాగా ఉతికిన దుప్పటి వాసనతో వచ్చింది. వెనక నిలబడ్డ తెల్లమీసాల పెద్దాయన కాసేపు చూసి, వంచేటప్పుడు బొటనవేలితో పైన బొత్తాం నొక్కి పట్టుకోవాలని, అప్పుడు గాలి లోపలికెళ్లి గుడగుడ లేకుండా పడుతుందని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, తానూ అదే వాడతానని, కానీ చారెడు మాత్రమేనని అన్నాడు. ముప్ఫై ఏళ్ల అనుభవమట. ఆ ముప్ఫై ఏళ్లూ సీసామీద ఎక్కడా రాసిలేవు.

నురగ కడిగి ఖాళీ పెట్టెతో చీకట్లో తిరిగొస్తుంటే మా ఊరి వెనకసందు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆ సందులోంచి తెల్లవారుజామున ఒక ఆవిడ వచ్చి, మా వీధి వాళ్లందరిదీ ఎత్తుకుపోయేది. గంప, చీపురు, రేకు ముక్క. ఆవిడకు నీలం లేదు, ఆకుపచ్చ లేదు. నెలకు ఇంటికింత అని ఇచ్చేవాళ్లం, అదీ పైనుంచి పడేసేవాళ్లం. దాన్ని నేరం చేస్తూ చట్టం 1993లో వచ్చింది. ఆవిడ పేరేమిటో అమ్మనడిగితే అమ్మకూ తెలియలేదు. పౌను పైచిల్లర గురించి ఆ రాత్రి ఇంక లెక్క వేయలేదు.

మర్నాడు మళ్లీ వేశాననుకోండి.

ఇప్పుడు ఇంట్లో ఒక ఒడంబడిక నడుస్తోంది. రోజూ వంచే పెట్టెకు దగ్గుమందు మూతతో రెండు మూతల బయో ద్రవం. ఎండ ముదిరిన రోజుల్లో, లేదా చుట్టాలున్నప్పుడు, ఆకుపచ్చ మందు. ఆ సీసా మాత్రం మా ఆవిడ ఆధీనంలో, బియ్యం డబ్బా వెనక ఉంటుంది. క్యాసెట్ మూత రబ్బరు ఎండిపోకుండా ఆలివ్ నూనె రాయాలన్నారు. ఆలివ్ నూనె! ఉప్మాకు పొద్దుతిరుగుడు నూనె పోసే ఇంట్లో, తాలింపుకు పల్లీ నూనె కొలిచి పోసే ఇంట్లో, ఆ రబ్బరు ఒక్కటి ఆలివ్ నూనె భోగం అనుభవిస్తోంది. చెంబు విషయంలో కూడా రాజీ జరిగింది. లీటరు చెంబు తీసేసి అరలీటరు మగ్గు పెట్టాను. పిల్లలు ఒప్పుకున్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు, కానీ వాడుతోంది.

అలా మందు ఖర్చు తగ్గించుకొచ్చాను. సీజను మొత్తానికి ఇరవై పౌన్లు మిగిలాయని క్యాలెండరు మీద రాసి, కింద గీత కూడా గీశాను. నిన్న బావమరిది మళ్లీ ఫోను చేశాడు. వాడి అత్తగారూ మామగారూ ఆగస్టులో తిరుపతి నుంచి వస్తున్నారట. పెద్దవాళ్లను లండన్ రద్దీలో తిప్పడం ఎందుకు, బావ బండిలో వేల్స్ చూపిద్దాం అని ఇంట్లో అందరూ అనేసుకున్నారట. మామగారికి షుగరు, రాత్రి నాలుగుసార్లు లేస్తారట. అత్తగారు తన చెంబు తనే తెచ్చుకుంటున్నారట, రాగిది, పెద్దది.