గేటు బయటి రిజిస్ట్రారు

విశ్వవిద్యాలయమే అచ్చేసి, తానే సంతకం పెట్టి, తానే హోలోగ్రాం అంటించి ఇచ్చిన మార్కుల మెమో. ఆ మార్కులు నిజమేనని అదే విశ్వవిద్యాలయం ఇంకో కాగితం మీద చెప్పాలంటే, ఆ మెమోకు జిరాక్సు తీయించి మళ్లీ విశ్వవిద్యాలయానికే సమర్పించుకోవాలి. సెమిస్టరుకొకటి చొప్పున ఎనిమిది. సప్లీలుంటే అవి వేరే. అన్నీ రెండేసి సెట్లు. ఈ వ్యాసకర్తకు కొన్నాళ్లుగా తిన్నది ఒంటబట్టనివ్వని సంగతి ఇదీ.

మేనకోడలు అమెరికా చదువుకు దరఖాస్తు చేసుకుంటూ ట్రాన్‌స్క్రిప్టులు కావాలంటే ఆయన తోడు వెళ్లారు. ఏ విశ్వవిద్యాలయమో చెప్పడం భావ్యం కాదు. చెప్పనక్కర్లేదు కూడా, చదివేవాళ్లలో సగం మంది ఎలాగూ తమదే అనుకుంటారు. కౌంటరు దగ్గర జరిగిన సంభాషణ మాత్రం యథాతథంగా ఇవ్వక తప్పదు.

"మెమోల జిరాక్సులు ఏవమ్మా?"

"అవి మీరిచ్చినవే కదా సార్. మీ రికార్డుల్లో ఉంటాయి కదా?"

"ఉంటాయమ్మా. ఉన్నాయని మాకెలా తెలుస్తుంది?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల తత్వశాస్త్ర శాఖ అదే ప్రాంగణంలో, రెండు భవనాల అవతల ఉంది. కానీ వాళ్లూ లంచ్‌కి వెళ్లారు.

మిగిలిన ఘట్టాలు పాఠకులకు తెలిసినవే కాబట్టి వదిలేద్దాం. చలానా, ఆ చలానాకు జిరాక్సు, సంతకం పెట్టాల్సినాయన సెలవు, ఆయన బదులు పెట్టాల్సినాయన మీటింగు, సర్వరు డౌను. వదిలేయలేనిది ఒక్క తత్కాల్ మాత్రమే. కొన్ని విశ్వవిద్యాలయాల్లో మామూలు రుసుము కడితే వారాల తరబడి తిప్పించుకునే సర్టిఫికెట్టు, తత్కాల్ రుసుము కడితే రెండు మూడు రోజుల్లో చేతికొస్తుంది. అంటే అసలు పనికి పట్టేది ఆ రెండు మూడు రోజులే. మిగతా వారాలు ఏమిటి? అది సరుకు. ఆలస్యాన్ని సొంతంగా తయారుచేసి, దాన్ని తీసేయడానికి ధర పెట్టి అమ్ముతున్న సంస్థకు వ్యాపార దృష్టి లేదని ఎవరైనా అంటే ఈ వ్యాసకర్త ఒప్పుకోరు. అర్హత సాధించిన విద్యార్థికి 180 రోజుల్లోగా డిగ్రీ ఇచ్చెయ్యాలని యూజీసీ 2008లోనే నిబంధన పెట్టింది. ఆ నిబంధన ప్రతి కూడా సెక్షన్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఉందని వాళ్లకెలా తెలుస్తుంది?

ప్రాంగణంలో వాణిజ్య సేవలను మెరుగుపరచాలని అప్పుడప్పుడూ కమిటీలు వేస్తుంటారు. ఫుడ్ కోర్టు రావాలంటారు, ఇంకో ఏటీఎం అంటారు, కాఫీ మిషను అంటారు. మెస్సు జోలికి మాత్రం వెళ్లరు. సాంబారులో పప్పు కోసం వెతికి వెతికి తరాలకు తరాలు పట్టభద్రులై వెళ్లిపోయాయి గనుక ఆ విషయం చరిత్ర శాఖకు వదిలేశారు. కాలేజీ క్యాంటీన్లలో జంక్ ఫుడ్ అమ్మొద్దని 2016లో యూజీసీ ఉత్తర్వు వచ్చినప్పుడు మన క్యాంటీన్లలో ఒక్క మిరపకాయ బజ్జీ కూడా ఉలిక్కిపడలేదు. ఈ కమిటీల్లో ఒక్కటైనా గేటు దాటి నాలుగడుగులు వేసి ఉంటే, బాగా నడుస్తున్న విద్యార్థి సేవా కేంద్రం ఒకటి అక్కడే కనిపించేది. పది అడుగుల గది, రెండు మిషన్లు, ఒక కంప్యూటరు. బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు.

ఆ షాపులో ఏ ఫారం కావాలన్నా దొరుకుతుంది. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఎంత గాలించినా కనపడని పీడీఎఫ్ షాపతని డెస్క్‌టాప్ మీద ఉంటుంది. మైగ్రేషనుకు ఏవేం జతచేయాలి, ప్రొవిజనల్‌కు ఎంత కట్టాలి, కవరు మీద అడ్రసు ఎటువైపు రాయాలి, బట్ట అతికించిన కవరైతేనే తీసుకునే సెక్షను ఏది, సూపరింటెండెంటుగారు టీ తాగి ఎప్పుడొస్తారు, అన్నీ నోటికి వచ్చు. ఫొటో లేకపోతే తీస్తాడు, గమ్ము ఇస్తాడు, పిన్ను కొడతాడు, ఫోన్ పే చేస్తే చేతికి నగదు ఇస్తాడు. "అన్నా, ఒరిజినల్ డిగ్రీకి అప్లై చేయాలి" అనడమే ఆలస్యం, "ఏ బ్యాచ్‌రా తమ్ముడూ?" అని హాల్ టికెట్ నంబరు కొట్టేస్తాడు. ఇంకో కాగితం అడగడు. హాల్ టికెట్ నంబరు ఒక్కటి చాలునని గేటు బయట తెలిసిన విషయం గేటు లోపల ఎందుకు తెలియదో!

ఇక్కడొక చిన్న పక్కదారి. చిన్నదేనని మొదట్లో అనుకున్నాం.

ఈ జిరాక్సు కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్కులో పేటెంట్ల విభాగంలో పనిచేసేవాడు. పేటెంటు పత్రాలకు నకళ్లు ఎప్పుడూ చాలేవి కావు. చేత్తో రాద్దామంటే కీళ్లవాతం. అంటే ఈ యంత్రాన్ని కన్నది విజ్ఞానదాహం కాదు, "ఇంకో కాపీ తీసుకురండి" అన్న ఆఫీసు గోలే. 1938 అక్టోబరు 22న ఆస్టోరియా అనే పేటలో ఒక అద్దె గదిలో గంధకం పూసిన లోహపు రేకు, ఒక గాజు పలక, కొంచెం పొడి, మైనం కాగితం పెట్టుకుని ప్రపంచంలోనే మొట్టమొదటి జిరాక్సు తీశాడు. దాని మీద ఉన్నది రెండే రెండు ముక్కలు: ఆనాటి తేదీ, ఆస్టోరియా అన్న ఊరిపేరు. మన దరఖాస్తుల అడుగున ఎడమవైపు రాసే తేదీ, స్థలం! సంతకం ఒక్కటే తక్కువ. మన సెక్షన్లో ఇచ్చి ఉంటే అది లేదని తిప్పి పంపేవాళ్లు.

తిప్పి పంపడానికి అక్కడా జనం ఉన్నారు. ఐబీఎం, జనరల్ ఎలక్ట్రిక్‌తో సహా ఇరవైకి పైగా కంపెనీలు మాకొద్దన్నాయి. సంవత్సరాల తరబడి తిరిగి తిరిగి చివరకు ఒక చిన్న కంపెనీని పట్టుకున్నాడు. 1959 సెప్టెంబరు 16న న్యూయార్కులో 914 అనే యంత్రాన్ని లోకానికి చూపించారు. తొమ్మిది అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవున్న కాగితం దాకా నకలు తీస్తుంది కనుక ఆ అంకె. బరువు దాదాపు 300 కిలోలు. ప్రదర్శనకు పెట్టిన రెండింట్లో ఒకటి అక్కడికక్కడే అంటుకుంది. ఆ తర్వాత కంపెనీవాళ్లు యంత్రంతోపాటు మంటలార్పే సాధనం కూడా ఇచ్చి, దానికి స్కార్చ్ ఎలిమినేటర్ అని మర్యాదైన పేరు పెట్టారు. మన గేటు బయటి షాపుల్లో వైర్లు చూసినవాళ్లకు ఈ సంప్రదాయం, సాధనం మినహా, నేటికీ కొనసాగుతోందని తెలుసు.

పక్కదారి ఇంకా అయిపోలేదు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ ప్రాంగణంలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అని ఒక చిన్న దుకాణం. మేష్టార్లు చెప్పిన పుస్తకాల్లోంచి కావాల్సిన అధ్యాయాలు తీసి, బైండు చేసి పిల్లలకు ఇచ్చేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఆ దుకాణం మీద, ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద దావా వేశాయి. శతాబ్దాల వయసున్న రెండు మహా విశ్వవిద్యాలయాల పేర్లు ఒకవైపు, స్పైరల్ బైండింగ్ ఒకవైపు. దావాను పునరాలోచించమని అమర్త్యసేన్ అంతటివాడు ప్రచురణకర్తలకు లేఖ రాశాడు. ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్‌లా ఆ దావా కొట్టేశారు. కాపీరైటు దైవదత్తమైన హక్కేమీ కాదని, పాఠం చెప్పడానికి తీసే నకలును 1957 నాటి మన చట్టమే అనుమతిస్తోందని తేల్చారు. అప్పీలులో డివిజన్ బెంచి కొన్ని అంశాలు విచారించాల్సి ఉందంది గానీ, 2017లో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. ఎండ్‌లాగారి తీర్పు వచ్చిన తేదీ 2016 సెప్టెంబరు 16. యంత్రం లోకానికి కనపడిన రోజుకు సరిగ్గా 57 ఏళ్లు! ఈ యాదృచ్ఛికంతో పాఠకులకు ఒరిగేదేమీ లేదు. ఈ వ్యాసకర్తకు కౌంటరు దగ్గర నిలబడి చేయడానికి వేరే పనేమీ లేకపోయింది.

ఇంతలో మేనకోడలు, "మావయ్యా, నా మెమోలన్నీ డిజిలాకర్లో ఉన్నాయి" అంది. 2015లో మొదలైన డిజిలాకర్లోని పత్రాలు ఒరిజినల్స్‌తో సమానమని 2016 నాటి ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ ముక్కే చెబితే కౌంటర్లోని ఆయన ఏమాత్రం మొండికేయలేదు. చాలా సంతోషంగా, "అయితే ఇంకేం! దానికి ప్రింటు తీయించండి. ఆ ప్రింటుకి రెండు జిరాక్సులు" అన్నాడు. ప్రింటు మీద ఎవరైనా సంతకం పెట్టాలా అంటే, గెజిటెడ్ అయితే మంచిదన్నాడు. స్వీయ ధ్రువీకరణ చాలునని కేంద్రం, దాని వెనకే యూజీసీ చెప్పి పదేళ్లు దాటింది. ఆకుపచ్చ సిరా మీద మమకారం ఉత్తర్వులతో పోయేది కాదు.

ఆ మాటకొస్తే విశ్వవిద్యాలయాలు కూడా ఒకప్పుడు ఇక్కట్లు పడ్డవే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. మైగ్రేషన్ సర్టిఫికెట్టు ఎవరిచ్చారో! ఉస్మానియా 1918లో మొదలైంది. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాది రాయి వేస్తే 1939లో ప్రారంభోత్సవం. ఆ రాతి పనికి, ఆ కమానులకు, అంత భవనానికి ఐదేళ్లు పట్టింది. చదువయ్యాక అంతకాలమూ ఒరిజినల్ డిగ్రీ చేతికి రాక ప్రొవిజనల్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు ఇప్పటికీ మన బంధువుల్లోనే ఒకరిద్దరు దొరుకుతారు.

ఎనిమిది మెమోలకు రెండు సెట్లు తీయించడానికి షాపు దగ్గర వరసలో నిలబడితే ముందున్న అమ్మాయి ఇచ్చిన కాగితం చూసి షాపతను, "ఇది జిరాక్సుకి జిరాక్సమ్మా, అక్షరాలు రావు. ఒరిజినల్ లేదా?" అన్నాడు. కాలేజీలో ఉందట. ఆ అమ్మాయి ఇంకేమీ చెప్పలేదు, అతనూ అడగలేదు. అడగనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల, ఇంటినుంచి తొలిసారి ఇంజినీరింగు గడప తొక్కిన పిల్లలు ఎంతోమంది. దాని బకాయిలు ఏటా పేరుకుంటాయి, రెండు రాష్ట్రాల్లోనూ. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాలి, ఇవ్వదు. కాలేజీవాళ్లూ జీతాలు ఇచ్చుకోవాలి. ప్రభుత్వాన్ని పట్టుకోవడం వాళ్లవల్ల కాదు, చేతికి అందేది ఆ పిల్ల సర్టిఫికెట్లు. ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అంటారు. కూలికి వెళ్లే తల్లి ఎక్కడి నుంచి కడుతుంది? ఉద్యోగంలో చేరాల్సిన తేదీ మాత్రం ఎవరి బకాయి కోసమూ ఆగదు.

ఇప్పటిదాకా ఈ వ్యాసకర్త విసుక్కున్నదంతా, కాస్త ఖర్చు భరించి, సెలవు పెట్టి, మేనకోడలిని కారులో తీసుకెళ్లగలిగినవాడి విసుగు. రెండు సెట్ల జిరాక్సులు అతనికి చికాకు, అంతే. ఆ అమ్మాయికి వచ్చిన ఇబ్బంది ఫారాలు మార్చితే, కౌంటరు ముందు నాలుగు కుర్చీలు వేస్తే, వెబ్‌సైటు రంగులు మార్చితే తీరేది కాదు. మెరుగుపరచాల్సిన సేవల జాబితా రాసేవాళ్లు దీన్ని ఏ శీర్షిక కింద వేస్తారో తెలియదు. ప్రాంగణం లోపలిదీ కాదు, బయటిదీ కాదు.

చట్టం లేక కాదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని 2018లో యూజీసీ చెప్పింది. విద్యార్థుల ఫిర్యాదుల మీద 2023లో నిబంధనలు తెచ్చి, అంబుడ్స్‌పర్సన్‌ను నియమించాలంది. సర్టిఫికెట్లు ఆపడాన్ని ఫిర్యాదు చేయదగిన అంశాల్లో స్పష్టంగా చేర్చింది. షాపతని డెస్క్‌టాప్ మీద వెతికితే ఆ ఫిర్యాదు నమూనా కూడా ఉంటుంది. నింపి ఇమ్మంటే రెండు నిమిషాల్లో నింపుతాడు. కానీ దాని కింద సంతకం పెట్టాల్సిన పిల్ల, ఆఖరి సెమిస్టరు మెమో కోసం మళ్లీ అదే కాలేజీ ఆఫీసుకు వెళ్లాలి.