ల్యాప్‌టాప్‌కి ఇల్లరికపు అల్లుడు

మీ ల్యాప్‌టాప్ సన్నగా, ముచ్చటగా ఉంటుంది. ఎక్సెల్ షీటు తెరిస్తే పరుగే. గేమ్ తెరిస్తే మాత్రం ఘాట్ రోడ్డెక్కిన పాత ఆర్టీసీ బస్సులా మూలుగుతుంది. అందుకే డెస్క్‌టాప్‌లో ఉండాల్సిన గ్రాఫిక్స్ కార్డును ఒక డబ్బాలో పెట్టి, కేబుల్‌తో దీనికి తగిలిద్దామనుకున్నారు. తెలిసినవాళ్లు దీన్ని ఈజీపీయూ అంటారు. నేను ఇల్లరికం అంటాను. అల్లుడు పెద్దింటివాడు, అత్తారిల్లు ఒంటిగది. ఈ సంబంధం దివ్యంగా చెడాలంటే కింది చిట్కాలు పాటించండి.

1. ముందు కార్డు కొనేయండి
పోర్టు సంగతి తర్వాత. తిన్నగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి, మూడు ఫ్యాన్లున్న కార్డు ఏది చూపిస్తే అది పట్టుకొచ్చేయండి. ల్యాప్‌టాప్ పక్కన కోలగా టైప్-సీ కన్నం ఉంది కదా, చాలు. దాని పక్కన మెరుపు గుర్తుందా లేదా అని టార్చి వేసి చూసేవాళ్లది చాదస్తం. మెరుపు ఉంటే కార్డుకు దారిచ్చే థండర్‌బోల్ట్ పోర్టు. లేకపోతే, కొన్ని యూఎస్‌బీ4 పోర్టులు మినహా, అది ఛార్జరుకూ పెన్‌డ్రైవుకూ పనికొస్తుంది గానీ కార్డు మొహం కూడా చూడదు.

2. కార్డు ఎంత పెద్దదైతే అంత పరువు
థండర్‌బోల్ట్ 3 డబ్బా మీద సెకనుకు 40 గిగాబిట్లని ఉంటుంది. అందులో కార్డుకు దక్కే పీసీఐ ఎక్స్‌ప్రెస్ వాటా 32 దాటదు. వాడుకలో అంతకన్నా తక్కువే. డెస్క్‌టాప్‌లో 16 లేన్ల దారిలో తిరగాల్సిన కార్డుకు ఇక్కడ దొరికేవి 4. అందుకని మధ్యతరగతి కార్డుతో సరిపెట్టుకోకండి. 450 వాట్లు తాగే ఆర్‌టీఎక్స్ 4090నే తెచ్చి గుమ్మంలో ఇరికించండి. అల్లుడు ఆరడుగులవాడని ఊరంతా చెప్పుకోవచ్చు. ఇంట్లో నడుం వంచి తిరుగుతున్నాడని ఎవరికి తెలుస్తుంది?

3. మానిటర్ దండగ
కార్డు వెనకాల హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు ఉంటాయి. వాటి జోలికి పోకండి. బొమ్మ ల్యాప్‌టాప్ తెర మీదే పడాలని పట్టుబట్టండి. అప్పుడు కార్డు గీసిన ప్రతి ఫ్రేమూ అదే కేబుల్ పట్టుకుని వెనక్కి రావాలి. ఉన్న కాస్త వేగంలోనూ కొంత దారిఖర్చులకు పోతుంది.

4. కేబుల్ బారుగా ఉండాలి
డబ్బా అటక మీద, మీరు మంచం మీద ఉంటే ఫ్యాన్ల రొద వినపడదు. దానికి రెండు మీటర్ల కేబుల్ చవకగా దొరుకుతుంది. చవకరకం థండర్‌బోల్ట్ 3 కేబుల్ అంత పొడవైతే 40 గిగాబిట్లు కాస్తా 20 అవుతాయి. అయితేనేం, నిద్ర బాగా పడుతుంది.

5. కరెంటు ఎక్కడిదైనా కరెంటే
ఆర్‌టీఎక్స్ 3080 ఒక్కటే 320 వాట్లు అడుగుతుంది. పాత కంప్యూటర్లోంచి పీకిన 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తగిలించండి. ప్లగ్గు ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టకపోతే మూడో పిన్ను విరిచేయండి. అది ఎర్తు పిన్ను. అదుంటే డబ్బా ముట్టుకున్నప్పుడు చురుక్కుమనదు, ఆటలో మజా ఏముంటుంది? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఆడండి. దాని బ్యాటరీకి కూడా పాపం వినోదం కావాలి.

6. ఊడబెరకడంలో మొహమాటం వద్దు
గేమ్ నడుస్తుండగానే కేబుల్ లాగేయండి. పిలుపు రాగానే అల్లుణ్ణి పీటల మీంచి లేపినట్టు ఉంటుంది. నీలితెర వస్తే ఆకాశమనుకోండి. ల్యాప్‌టాప్ మూత విప్పి లోపలి ఎం.2 స్లాట్‌లో కార్డు తగిలించే అడాప్టర్ పెట్టేవాళ్లకైతే ఇంకా తేలిక. పవర్ ఆఫ్ చేయకుండానే తగిలిస్తే ఒక్కోసారి పోర్టు, కార్డు రెండూ కలిసే వెళ్లిపోతాయి.

7. హెచ్చరికలు చదవకండి
డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుపు త్రికోణం కనిపిస్తే బొట్టు పెట్టుకుందనుకోండి. కోడ్ 12 అంటే కార్డుకు కావాల్సిన వనరులు ల్యాప్‌టాప్ దగ్గర ఖాళీగా లేవని అర్థం. ఆ మాట చదివేలోపే విండోస్ మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించండి. మూడుసార్లు. మ్యాక్ వాడేవాళ్లకు ఈ బాధ లేదు. 2018లో ఇంటెల్ మ్యాక్‌లకు ఈజీపీయూ వసతి ఇచ్చిన ఆపిల్, 2020లో ఎం1 చిప్‌తో దాన్ని మానేసింది. కొత్త మ్యాక్ కొన్నాక డబ్బా కొనండి. ఫ్లవర్‌వాజులా పనికొస్తుంది.

8. కూడిక జోలికి వెళ్లకండి
డబ్బా, కార్డు, ఎస్‌ఎంపీఎస్, కేబుల్, ఎలాగూ చివరికి కొనక తప్పని మానిటర్. వీటి బిల్లులు ఒక్కొక్కటి ఒక్కో జేబులో దాచండి. అన్నీ ఒకచోట పెడితే, బల్ల మీద ఉన్నది కీబోర్డు ఖరీదైన డెస్క్‌టాప్ అని తేలిపోతుంది. అసలు డెస్క్‌టాప్ అయితే 16 లేన్లూ ఇచ్చేది.

ఇన్ని చిట్కాలు నాకెలా తెలుసని అడుగుతారేమో. నా ల్యాప్‌టాప్ పోర్టు పక్కన మెరుపు గుర్తు లేదు. ఆ విషయం నేను కార్డు కొన్న మూడోరోజు చూశాను.